మా పక్క బుగ్గపుండు

మా అత్త మొట్టమొదట మానుకున్నది కారం. జొన్నరొట్టె మీదికి ఎర్రగడ్డ కారం లేకుంటే ఆమెకు అది తిండే కాదు. అట్లాంటి మనిషి ఒక పొద్దు రొట్టెను మజ్జిగలో నానబెట్టుకొని, నమలకుండా మింగి లేచిపోయింది. నేను నూరిన కారంలో ఉప్పు ఎక్కువైందేమో అనుకున్నాను. మరుసటి రోజూ అంతే. అడిగితే పన్ను సలుపుతాందని చెప్పింది. అంతకుమించి చెప్పలేదు.

అప్పట్లో మేం ఎమ్మిగనూరులో ఉండేవాళ్ళం. నేను మిషనువాళ్ళ చిన్న బడిలో పిల్లలకు చదువు చెప్పేదాన్ని. మా ఆయన ఆదోనిలో ఒక సాహుకారి పత్తిమండీలో తూకం పని చేసేవాడు. ఆడనే నలుగురితో కలిసి గదిలో ఉండి, ఆదివారం ఆరాధన వేళకు బస్సులో ఇంటికి వచ్చేవాడు. పిల్లలు ఇంకా పుట్టలేదు. ఇంట్లో ఉండేది నేనూ మా అత్తా. ఆమె బతుకంతా కూలి. పత్తి కాలంలో పత్తి తీసేదానికి పోయేది, శెనక్కాయ కాలంలో కాయలు ఒలిచేదానికి పోయేది. నాకు జీతం వస్తాంది కదా, ఇంక ఇంటిపట్టున ఉండమంటే నవ్వేది. ఇంట్లో కూర్చుంటే కాళ్ళు పట్టుకుపోతాయనేది. తన వయసెంతో ఆమెకే తెలీదు. తల ముగ్గుబుట్ట అయింది కానీ నడుము వంగలేదు.

ఆమె నడుముకు ఎప్పుడూ వక్కాకు తిత్తి ఉండేది. అందులో ఆకులకంటే వక్కలకంటే ముఖ్యమైంది కడ్డిపుడి. పొగాకు కాడలు దంచిన పొడి అది. మాట కన్నడందే, బళ్ళారి పక్క నుంచి మాకు వచ్చింది. ఆ పొడిని ఇంత సున్నంతో అరచేతిలో నలిపి, ఎడమ దవడ కిందిపక్క, చిగుళ్ళకూ బుగ్గకూ మధ్యన పెట్టుకునేది. పొద్దున చేన్లోకి దిగేటప్పుడు పెట్టుకుంటే మధ్యాహ్నం సంగటి పొద్దు దాకా అట్లే ఉండేది. మళ్ళా కొత్తది. పడుకునేటప్పుడు గూడా తీసేది కాదు. ఆమె ఒక్కతే కాదు, కూలికి పోయే ఆడోళ్ళందరిదీ అదే వరస. వాళ్ళ బుగ్గ ఎత్తుగా కనబడకుంటే వాళ్ళకు ఒంట్లో బాగాలేదని అర్థం.

ఒక ఆదివారం మా ఆయన ఉన్నప్పుడు ఆమెను వాకిట్లో ఎండకు కూర్చోబెట్టి నోరు తెరిపించినాను. తెరిచేదానికి ఆమె చానా కష్టపడింది. బుగ్గ లోపలి తోలు సున్నం కొట్టిన గోడ మాదిరి తెల్లగా ఉంది. ఎప్పుడూ పొగాకు పెట్టుకునే ఆ సందులోనే ఎర్రటి పుండు. అంచులు వేలికి గట్టిగా తగిలినాయి. నొప్పి లేదా అంటే కారం తగిలితేనే మండుతుందని చెప్పింది. చూసిన వాళ్ళందరూ ఒక్కో మందు చెప్పినారు. పటిక నీళ్ళన్నారు, తుమ్మబెరడు కషాయమన్నారు, తేనె రాయమన్నారు. అన్నీ చేసినాం. పుండు అట్లే ఉంది.

కర్నూలు రాజధాని అయినాక కోస్తా నుంచి చానామంది మా పక్కకు వచ్చినారు. అట్లా వచ్చిన ఒక డాక్టరు ఆదోని బజారులో సొంతంగా దవాఖానా పెట్టుకున్నాడు. చెయ్యి మంచిదని పేరు వచ్చింది. మా ఆయన మండీ సాహుకారి గూడా ఆయన దగ్గరికే పోయేవాడు. బడికి సెలవు పెట్టి నేను అత్తను బస్సులో తీసుకుపోయినాను.

ఆ డాక్టరు నిజంగా మంచివాడే. మా మాదిరి వాళ్ళను గూడా కుర్చీలో కూర్చోబెట్టినాడు. నోరు తెరిపించి, బ్యాటరీ లైటు వేసి, నాలుకను పుల్లతో నొక్కి, పైన అంగిలి చానాసేపు చూసినాడు. తర్వాత అత్తను అడిగినాడు.

"మామ్మగారూ, చుట్ట తాగుతారా? అడ్డపొగ పెడతారా?"

అత్తకు అర్థం కాలేదు. నాకూ కాలేదు. నిప్పు ఉన్న కొస నోట్లో పెట్టుకొని పొగ పీల్చడమని ఆయన చెప్పినాడు. వాళ్ళ పక్క సముద్రం ఒడ్డు ఊర్లలో ముసలమ్మలు అట్లా తాగుతారంట. అట్లా తాగినోళ్ళకు అంగిట్లో రాచపుండు లేస్తుందంట. అత్త మొకం ఎర్రబడింది. ఆమెను అంతమాట ఎవరూ అని ఉండరు.

"మా ఇండ్లల్లో ఆడోళ్ళు పొగ తాగరు సారూ," అని నేలను చూస్తా చెప్పింది.

ఆ మాటకు డాక్టరు మొకం తేటపడింది. అంగిలి శుభ్రంగా ఉంది, తను భయపడిన జబ్బు కాదు అన్నాడు. దవడపన్ను ఒకటి విరిగి మొనదేలి ఉంది, అది ఒరుసుకొని పుండు పడింది, పన్ను పీకేస్తే మానుతుంది అన్నాడు. నేను ఊరికే ఉండలేక, ఆమె వక్కాకు వేసుకుంటుందని, కడ్డిపుడి దవడకు పెట్టుకుంటుందని చెప్పినాను. ఆయనకు ఆ మాటలు కొత్త. వక్కాకు అంటే తాంబూలం అనుకున్నాడు. కడ్డిపుడి అంటే అరుగుదలకు తినే పొడి ఏదో అనుకున్నాడు. నాలుగు రోజులు మానేసి పుండు మానినాక వేసుకోనివ్వండి, తాంబూలం మంచిదే అన్నాడు. పొగాకు అన్న మాట నా నోట్లోంచి వచ్చేలోపల బయట నుంచి ఇంకొక రోగిని లోపలికి తెచ్చినారు. తర్వాత గుమ్మం దగ్గర నిలబడి చెప్పనే చెప్పినాను, అది పొగాకు సారూ అని. ఆయన చేతులు కడుక్కుంటా, పొగ లోపలికి పోకపోతే ఫరవాలేదమ్మా అన్నాడు.

పన్ను పీకినారు. పీకిన తావు పూడలేదు. మళ్ళా పోయినాం, పూతమందు ఇచ్చినాడు. మళ్ళా పోయినాం, సూదులు వేసినాడు. ప్రతిసారీ బడికి సెలవు, బస్సు కోసం నిలబడడం, దవాఖానా ముందర నిలబడడం. ప్రతిసారీ ఆయన ముందు అంగిలే చూసేవాడు. బాగుంది అనేవాడు. నాకు గొంతు దాకా వచ్చేది, పుండు ఉండేది ఆడ కాదు కదా సారూ అని. చదువుకున్న మనిషి, నాకేం తెలుసు అని మింగుకునేదాన్ని. పత్తి తీతలు అయిపోయినాయి. అత్త నోరు వేలు గూడా పట్టనంత సన్నమైంది. జొన్న అంబలి పలచగా కాచి పోస్తే తాగేది. కడకు ఒకరోజు డాక్టరు ఆమె మెడ కింద తడిమి చూసి చెయ్యి అట్లే పెట్టుకున్నాడు. తర్వాత నా దిక్కు తిరిగి, మద్రాసు తీసుకుపోండమ్మా, ఆలస్యం చెయ్యొద్దు అన్నాడు. ఆలస్యం అన్న మాట ఆయన నోట వింటే నాకు ఒళ్ళు మండింది.

అత్త రానంటే రానని మొండికేసింది. చచ్చేది ఎమ్మిగనూరులోనే చస్తాను, రైలెక్కి పోయి చావడమెందుకు అని ఆమె వాదం. మా ఆయన రెండు ఆదివారాలు బతిమలాడినాడు. మా పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేసి చెప్పినాడు. ఆమె వినింది మాత్రం తనతో శెనక్కాయలు ఒలిచే ఒక ముసలామె మాట. ఆ ముసలామె వచ్చి, పోయి చూసిరా, నా బుగ్గలో గూడా అట్లాంటిదే ఉంది, నువ్వు బాగై వస్తే నేనూ పోతాను అని చెప్పింది. ఆ మాట విని నేను ఉలిక్కిపడినాను. ఆమె నోరు తెరవమంటే తెరవలేదు, నవ్వుతా కొంగు అడ్డం పెట్టుకుంది.

ఆదోనిలో రైలుబండి ఎక్కినాం. మా ఆయన మమ్మల్ని దించి, ఒకరోజు ఉండి, మండీ పని ఉందని వెనక్కి వచ్చేసినాడు. మద్రాసులో పెద్దాసుపత్రి వరండాలో జనం బారులు తీరి కూర్చోనుండ్రి. ముందు కూర్చున్న ఒక పెద్దమనిషి మా మాట విని, మీకు మీ రాష్ట్రం ఇచ్చేసినారు కదా, ఇంకా ఈడికెందుకు వస్తారు అన్నాడు. తమాషాకే అన్నాడేమో, నాకు మాత్రం తమాషాగా లేదు. మొన్నటిదాకా మాది బళ్ళారి జిల్లా అన్నారు, నిన్న కర్నూలు జిల్లా అన్నారు, జబ్బు చేస్తే మాత్రం ఏ జిల్లాలోనూ చూసేవాళ్ళు లేరు. ఆయనకు అదంతా చెప్పే ఓపిక లేక తల తిప్పుకున్నాను.

మమ్మల్ని చూసింది ఒక డాక్టరమ్మ. నడివయసు మనిషి, తెలుగు మాట్లాడుతుంది, యాసలో కొంచెం అరవం. అత్త నోరు తెరుచుకోకపోతే చిటికెన వేలు బుగ్గ సందులోకి పోనిచ్చి, కింది దవడ వెంబడి నిమిరింది. పైన అంగిలి జోలికే పోలేదు. చీటీ చూడకముందే అడిగింది.

"పొగాకూ సున్నమూ ఇక్కడే పెట్టుకుంటారు కదూ?"

అత్త తలూపింది.

"మీరు విశాఖపట్నం వైపు కాదు. బళ్ళారి పక్కనా?"

ఆదోని పక్క అని చెప్పినాను. ఎట్లా తెలిసిందని అడిగితే, పుండు ఏ తావున ఉందో చూస్తే ఏ పక్క మనుషులో చానావరకు తెలిసిపోతుందని చెప్పింది. సముద్రం పక్క ముసలమ్మలకు అంగిట్లో, మీ మాదిరి వాళ్ళకు బుగ్గలో, ఇంకో పక్క వాళ్ళకు ఆహారం దిగే గొట్టంలో. ఎవరు ఏది ఎక్కడ పెట్టుకుంటే అక్కడ. ఆమె ఆ మాట మామూలుగా, కూరగాయల పేర్లు చెప్పినట్టు చెప్పింది. ఇంత సులభంగా తెలిసేదానికి మేం ఆదోని బజారులో ఒక పత్తి కాలమంతా అంగిలి చూపించుకుంటా తిరిగినాం. అత్తను లోపలికి పంపినాక వరండాలో గోడకు ఆనుకొని ఏడ్చినాను. దుఃఖంతో కాదు, ఉక్రోషంతో.

అత్త బుగ్గలో రేడియం సూదులు గుచ్చి కొన్ని రోజులు అట్లే ఉంచినారు. ఆ రోజుల్లో నన్ను దగ్గరికి రానియ్యలేదు. తర్వాత మెడకు కరెంటు పెట్టినారు. అది ఎక్స్‌రే వైద్యం, వార్డులో అందరూ దాన్ని కరెంటనే అనేవాళ్ళు. మేం చానా రోజులే ఉండాల్సి వచ్చింది. బడిలో నా తావున ఇంకొకరిని పెట్టుకున్నారని జాబు వచ్చింది, నేను తిరిగి వచ్చేదాకానేనని గూడా రాసినారు. పగలు వార్డులో కూర్చునేదాన్ని. ఆడ ఉన్నోళ్ళందరూ ముసలోళ్ళే. ఒక్కొక్కరు ఒక్కొక్క జిల్లా.

పక్క మంచం మీద శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన ఒక ముసలామె ఉండేది. చేపలు అమ్ముకునే మనిషి. ఆమెకు అంగిట్లో. అక్కడి డాక్టర్లే చూసి, సూదుల కోసం మద్రాసు పంపినారంట. మా అత్తకు మాట సరిగ్గా రాకపోయినా ఇద్దరికీ బాగా కుదిరింది. ఒకరి యాస ఒకరికి సగం తెలిసేది, మిగతా సగం నేను చెప్పేదాన్ని. ఒకరోజు అలవాట్ల మాట వచ్చింది. నిప్పు నోట్లో పెట్టుకుంటే కాలదా అని మా అత్త అడిగింది.

"బయటెట్టుకుంటే సముద్రం గాలికి ఆరిపోదేటి? లోపలైతే సానాసేపుంటాది," అని ఆ ముసలామె చెప్పింది. తర్వాత ఆమె మా అత్త బుగ్గ చూసి, సున్నం గుంటలో పోసినట్టు బుగ్గలో పోసుకుంటారా మీరు, తోలు ఊడిపోదేటి అనింది.

మా అత్త నా దిక్కు తిరిగి మెల్లగా చెప్పింది. "సూడు మ్మే, నిప్పు తినేటోళ్ళు మనకు బుద్ధి సెప్తాండారు." అన్నాళ్ళ తర్వాత ఆమె నవ్వింది ఆ పొద్దే. నవ్వితే బుగ్గ లాగి నొప్పి పుట్టి మళ్ళా మొకం ముడుచుకుంది.

ఒక సాయంత్రం డాక్టరమ్మ తీరికగా దొరికింది. నేను చానా రోజుల నుంచి అనుకుంటున్నది అడిగినాను. ఈ జబ్బు ఏ పక్క ఎక్కువ, మా పక్కనా వాళ్ళ పక్కనా అని.

"తెలీదు," అనింది.

"మీకే తెలీకుంటే ఇంకెవరికి తెలుస్తుంది డాక్టరమ్మా?"

ఆమె కొంచెం ఆలోచించి చెప్పింది. "నాకు తెలిసింది ఈ వార్డులోకి వచ్చినవాళ్ళే. ఆ వైపు డాక్టర్లకు ఆ జబ్బు తెలుసు, చూడగానే పంపిస్తారు. మీ వైపు నుంచి ఎవరూ రారు. నా వార్డును చూసి లెక్క రాస్తే, మీ ఆదోని తాలూకాలో ఈ జబ్బే లేదని రాయాలి. లేదో, ఉన్నా రారో, నాకెట్లా తెలుస్తుంది? ముసలివాళ్ళకు వచ్చే జబ్బు ఇది. ముసలితనం దాకా బతికేవాళ్ళు తక్కువైన చోట ఇదీ తక్కువగానే కనపడుతుంది."

అట్లయితే మా పక్క డాక్టర్లకు, ఆరోగ్యం చూసే ఆఫీసర్లకు చెప్పొచ్చు కదా అన్నాను. చెప్తూనే ఉన్నాం, వినేవాళ్ళు ఇక్కడ లేరు అని లేచిపోయింది. ఆమె మీద గూడా కోపం వచ్చింది. ఆమె తప్పేం లేదని తెలిసీ వచ్చింది.

రైల్లో తిరిగి వస్తా, మా వీధిలో బుగ్గ కుళ్ళి చచ్చిపోయిన ముసలోళ్ళను తలుచుకున్నాను. చిన్నప్పటి నుంచి చూసినవాళ్ళే. ఒకామె బుగ్గకు బొక్క పడి తాగిన నీళ్ళు బయటికి వచ్చేవి. ఒకాయన వాసన భరించలేక కొడుకులు కొట్టంలో పడుకోబెట్టినారు. అప్పట్లో అది చీడ అన్నారు, ఎవరో చేయించినారన్నారు. ఎవరూ ఆదోని దాకా గూడా పోలేదు. మద్రాసులో వాళ్ళు లెక్కలోకి యాడ నుంచి వస్తారు?

అత్తకు పుండు మానింది. బుగ్గ గట్టిపడింది, నోరు పూర్తిగా తెరుచుకోలేదు, కానీ మెత్తటి సంగటి తినగలిగేది. ఎమ్మిగనూరుకు వచ్చిన మరుసటి ఆదివారమే నేను ఆదోని పోయి ఆ కోస్తా డాక్టరును కలిసినాను. మద్రాసు డాక్టరమ్మ చెప్పిందంతా చెప్పినాను, కొంచెం గట్టిగానే చెప్పినాను. ఆయన తలవంచుకొని విన్నాడు. మా వైపు చూసినవే నాకు తెలుసమ్మా, ఇక్కడివి నేర్చుకోవాల్సింది అన్నాడు. ఆ మాటతో నా కోపం సగం చల్లారిపోయింది. కోపం నిలబెట్టుకునేదానికి గూడా మనిషి సహకరించకపోతే ఏం చేసేది?

తన మాట మీద నిలబడాల్సిన శెనక్కాయల ముసలామె మాత్రం నిలబడలేదు. నీ అత్త బతికొచ్చింది కదా పోదాంపా అంటే, నా పుండుకు నొప్పి లేదు, నీ అత్తది వేరే అనింది. మిగతా కూలి ఆడోళ్ళు నా మాట విని నవ్వినారు. మా అవ్వ పెట్టుకునింది, వాళ్ళ అవ్వ పెట్టుకునింది, అందరూ ముసలోళ్ళయ్యే పోయినారు అన్నారు. నేను బుగ్గలో పుండుతో చచ్చినవాళ్ళ పేర్లు చెప్తే, అది వేరే చీడ అన్నారు.

ఆ ఏడు మలేరియా మందు చల్లించేదానికి ఒక ఆరోగ్యాధికారి ఎమ్మిగనూరులో మకాం పెట్టినాడు. నేను సాయంత్రం బడి అయినాక పోయి ఆయనతో మాట్లాడినాను. మా పక్క కూలి ఆడోళ్ళ నోర్లు ఒక్కసారి చూడమని అడిగినాను. ఈ ప్రాంతంలో క్యాన్సరు తక్కువమ్మా, ఇక్కడ మలేరియా, కలరా, అంతే అన్నాడు. ఎట్లా తెలుసు సార్ అంటే, కేసులు రాలేదు కదా అన్నాడు. ముసలివాళ్ళకు వయసే ఒక జబ్బు అని గూడా అన్నాడు. నేను కదలకుండా అట్లే నిలబడేసరికి విసుక్కొని, సరే, బుధవారం పొద్దున మీ బడి దగ్గరికి వస్తాను, వాళ్ళను కూడగట్టు అన్నాడు.

ఇల్లిల్లూ తిరిగి చెప్పినాను. అందరూ వస్తామన్నారు. బుధవారం పొద్దున బడి ముందర నేను చాపలు పరిచినాను. అధికారి చెప్పిన వేళకే వచ్చినాడు, అది చెప్పాల్సిందే. ఆడోళ్ళు రాలేదు. అంతకుముందు రోజు చినుకు పడింది. తడిసిన పత్తి రంగు మారకముందే తీయాలని నందవరం పక్క రైతు ఒకాయన బండ్లు తోలుకొని వచ్చి, వీధి వీధంతా కూలికి ఎక్కించుకొని పోయినాడు. వచ్చింది ఒక గుడ్డి ముసలాయన, ఇద్దరు దగ్గే వాళ్ళు. అధికారి వాళ్ళ నోర్లు చూసినాడు. పుండ్లు లేవు. కొంచెంసేపు కూర్చొని లేచి, చూసినావు కదమ్మా, ఇక్కడ ఇది లేదు అన్నాడు. ఉంది సార్, పత్తి చేన్లలో ఉంది అన్నాను. ఆయన జాలిగా చూసి జీపెక్కినాడు.

సాయంత్రం బండ్లు తిరిగి వచ్చినాయి. దిగిన ప్రతి ఒక్కరి మీదా అరిచినాను. పిల్లల బడి అయ్యోరమ్మ ఇట్లా వీధిలో అరుస్తుందని ఎవరూ అనుకొని ఉండరు. శెనక్కాయల ముసలామె మాత్రం బండి దిగి, కొంగు దులుపుకుంటా, ఆయనకు జీతం బుధవారానికీ వస్తాది, మాకు రాదు కదమ్మా అని చెప్పి పోయింది.

ఆ రోజు బండి దిగినవాళ్ళల్లో మా అత్త గూడా ఉంది. కూలికి పోవద్దని డాక్టరమ్మ చెప్పిన మాట వినకుండా నాకు తెలీకుండా పోయింది. దగ్గరికి పోయి చూస్తే కుడి బుగ్గ ఎత్తుగా ఉంది. చెయ్యి పట్టుకొని ఇంట్లోకి లాక్కొచ్చినాను. మద్రాసులో అన్ని రోజులు పడింది దీనికేనా అని అడిగినాను. ఆ పక్క చెడింది, ఈ పక్క బాగుంది కదా అనింది. నేను తిత్తి లాక్కుని పొయ్యిలో పడేసినాను. ఆమె కోప్పడలేదు. పొయ్యిలో తిత్తి కాలే వాసన వస్తాంటే గోడకు ఆనుకొని కూర్చుంది.

"నువ్వు సదువుకున్నేదానివి, నీకు నోట్లో ఏమీ పెట్టుకోకున్నా పొద్దు పోతాది. మేం పొద్దున్నుంచి వంగోని పత్తి తీస్తాంటే ఆకలి తెలీకుండా ఉండేదానికి ఇంకేం పెట్టుకోవాల మ్మే? నువ్వే సెప్పు, అదే పెట్టుకుంటా."

గంజి కేంద్రాల ముందు చెంబులు పట్టుకొని నిలబడిన కరువు మా వీధిలో ఎవరూ మర్చిపోలేదు. అప్పుడు కడ్డిపుడి పెట్టుకున్నోళ్ళు ఒక పూట గంజితో గడిపినారు, పెట్టుకోనోళ్ళు రెండో పూటకు ఏడ్చినారు. అది గూడా నాకు తెలుసు.

మరుసటి ఏడు ఆమె మెడలో గడ్డ లేచింది. ఎడమ పక్కే, పాత పుండు పక్కే. మళ్ళా మద్రాసు అనే మాట ఎత్తితే ఈసారి మా ఆయన గూడా గట్టిగా మాట్లాడలేదు. ఆదోని డాక్టరు తనే బస్సులో మా ఇంటికి వచ్చి చూసిపోయినాడు. నొప్పికి మందు ఇచ్చినాడు, నాతో మాత్రం ఇంక లాభం లేదని చెప్పినాడు. ముంగారు తొలకరి వానలు మొదలైనాక ఆమె పోయింది. బడి పిల్లలు, పాస్టరుగారు, పత్తి చేన్ల ఆడోళ్ళు అందరూ సమాధి దాకా వచ్చినారు.

కొన్నాళ్ళకు చావు రాయించేదానికి నేనూ మా ఆయనా మునసబు దగ్గరికి పోయినాం. ఏం జబ్బు అని మునసబు అడిగినాడు. మా ఆయన, వయసైపోయింది అన్నాడు. నేను అడ్డం వచ్చి, క్యాన్సరు, బుగ్గలో క్యాన్సరు అని రాయమన్నాను. మునసబు పెద్దాయన, ఓపికగానే చెప్పినాడు.

"కలరాకు గడి ఉందమ్మా, మశూచికి ఉంది, జ్వరానికి ఉంది, విరేచనాలకు ఉంది. నువ్వు చెప్పేదానికి గడి లేదు. ఇతరములు అని రాస్తా."

గడి లేకుంటే పక్కన రాయండి అన్నాను. పక్కన రాస్తే పైవాళ్ళు ఒప్పుకోరంట. ఇతరముల్లో ఏముందని పైవాళ్ళు అడగరా అంటే, ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదని చెప్పినాడు. నా ముందరే ఒక గీత గీసినాడు. మా అత్త ఆ గీతలో కలిసిపోయింది. బావిలో పడినోళ్ళూ, కాన్పులో పోయినోళ్ళూ, బుగ్గ కుళ్ళి పోయినోళ్ళూ అందరూ అదే గడిలో.

తిరిగి వచ్చే దావలో మా ఆయనతో కొట్లాడినాను. వయసైపోయిందని ఎందుకు చెప్పినావు అని. ఆయన కొంచెంసేపు విని, ఏం రాస్తే ఏముంది, మా అమ్మ తిరిగొస్తుందా అన్నాడు. కొడుకు దుఃఖం మీద నా కోపం పెట్టేదానికి మనసు రాలేదు. ఇద్దరం ఇల్లు చేరినాం.

శెనక్కాయల ముసలామె ఆ పైయేడు పోయింది. నేను ఎన్నోసార్లు అడిగినా మద్రాసు రాలేదు. ఆదోని డాక్టరు మాత్రం ఆ తర్వాత వచ్చిన ప్రతి ముసలామె బుగ్గ లోపల వేలు పెట్టి చూసేవాడని విన్నాను. ఒకరిద్దరిని రైలెక్కించినాడంట గూడా. వాళ్ళు బతికినారో లేదో నాకు తెలీదు. బడిలో పిల్లలకు పలకల మీద లెక్కలు చెప్పేటప్పుడు, మా పక్క ఈ జబ్బు తక్కువ అని ఆ అధికారి అన్న మాట గుర్తొచ్చి చేతిలో సుద్దముక్క విరిగిపోయేది. తక్కువ అన్న మాట ఎవరి నోట విన్నా, ఎవరు చూసినారు, యాడ చూసినారు, ఏ రోజు చూసినారు అని అడగాలనిపిస్తుంది. అడుగుతాను గూడా. చానామందికి అది నచ్చదు.